కోళ్ల షెడ్లలో నల్లపురుగు – దాని నివారణ

(మన సంఘపు నెలసరి సమావేశమున, కోళ్ల పెంపకము చేయు సభ్యకుటుంబముల కోరికపై, దాణా వర్తకులును కార్యవర్గ సభ్యులును అయిన ఒకరు చేసిన ప్రసంగ పాఠము.)



సంఘ సభ యనగా భాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు, పండుగల యేర్పాట్లను గూర్చియు మాటలాడుట మనకు వాడుక. ఈ దినము పురుగును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పల్లడము, ఉడుమలపేట, పొల్లాచ్చి ప్రాంతములలో మన కుటుంబములు పెక్కు మాంసపు కోళ్ల పెంపకముపై ఆధారపడియున్నవి. నామక్కల్లు వైపున నున్న మన బంధువులు గ్రుడ్ల కోళ్లను పెంచుచున్నారు. తాతలు ప్రత్తియు జొన్నయు పండించిన చేలలో మనుమలు షెడ్లు వేసిరి. వృత్తి నిలిచిననే ఇల్లు నిలుచును. ఇల్లు నిలిచిననే ఇంటిలోని భాష నిలుచును. కాబట్టి ఇది సంఘమునకు సంబంధించని విషయము కాదు.

మరియొక కారణము కూడ కలదు. కొలది కాలము క్రిందట మనవారి షెడ్డు ఎరువును ఒక తోటలో దింపిన పిమ్మట, చేరువనున్న ఇండ్లలోనికి రాత్రివేళ నల్లని పురుగులు దీపములకు వచ్చి, భోజనము చేయువారి కంచములలోను, పసిబిడ్డల పడకలలోను పడినవి. పొరుగువారు కలహమునకు రాలేదు. మన పెద్దల యొద్దకు వచ్చి మర్యాదగా చెప్పుకొనిరి. తరతరములుగా ఈ నేలపై వారితో కలసి మెలసి బ్రతుకుచున్న మనము ఆ మర్యాదను నిలుపుకొనవలసియున్నది. ఆ పురుగు ఎట్టిదో, ఎట్లు పెరుగునో, ఎప్పుడు చిక్కునో తెలిసికొనక కేవలము మందు డబ్బాలు కొనినచో డబ్బు పోవును గాని పురుగు పోదు.

పురుగును గుర్తించుట

ఇది పెంకుపురుగుల జాతిలోనిది. మన తమిళ సోదరులు వండు అందురు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఆల్ఫిటోబియస్ డయాపెరినస్. దీని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమని తలచుచున్నారు. ధాన్యము వెంటను, పిండి వెంటను లోకమంతయు వ్యాపించినది. నా బోటి వర్తకుల గోదాములలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలోను, తవుడులోను కూడ ఇది కానవచ్చును.

పెరిగిన పురుగు ఇంచుమించు ఆరు మిల్లీమీటర్ల పొడవుండును. నల్లగానో ముదురు గోధుమ వన్నెగానో నిగనిగలాడుచు, వీపు మీది పెంకులపై సన్నని గాళ్లు కలిగియుండును. పిల్లపురుగు పసుపు కలిసిన గోధుమ వన్నెతో, సన్నని తీగ ముక్కవలె పాకుచుండును. పగటివేళ లిట్టరులో దాగి, రాత్రివేళ బయటికి వచ్చి తిరుగును. పెరిగిన పురుగునకు ఎగురు శక్తి కూడ గలదు.

దీనిని పోలిన మరి రెండింటిని వేరుగా గుర్తింపవలెను. తోళ్లను, ఈకలను, చచ్చిన కోళ్లను తిను డెర్మెస్టిస్ అనునది దీనికంటె పొడవుగా ఉండును. దాని పిల్లపురుగు ఒడలెల్ల వెండ్రుకలుండును. చచ్చిన కోళ్లను వెంటనే తీసివేయని షెడ్లలో ఇది ప్రబలును. మూడవది కార్సినాప్స్ అనునది. రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రని నల్లని పురుగు. ఇది మన శత్రువు కాదు. ఈగల గ్రుడ్లను, ఈగ పురుగులను తిని మనకు మేలు చేయునట్టిది. దీనిని గూర్చి మరల చెప్పుదును. కేరళమున రబ్బరు తోటల వద్ద తొలకరి వానలకు ముందు ఇండ్లలోనికి గుంపులుగా వచ్చు ముప్లి పురుగు నల్లపురుగు కుటుంబమునకే చెందినను వేరు జాతి. దానికిని మన కోళ్లకును సంబంధము లేదు.

మన బ్యాచి, పురుగు బ్యాచి

ఆడపురుగు తన జీవితకాలములో సాధారణముగా రెండు వందల నుండి నాలుగు వందల గ్రుడ్ల వరకు పెట్టును. లిట్టరులోను, నేల నెఱ్ఱెలలోను, మేత తొట్ల క్రిందను గ్రుడ్లు పెట్టును. నాలుగు మొదలు ఏడు దినములలో అవి పొదుగును. పిల్లపురుగు పలుమార్లు కుబుసము విడిచి పెరిగి, ప్యూపా యను కదలని దశకు పోవుటకు ఎండిన భద్రమైన చోటు వెదకును. మట్టి నేలయైనచో భూమిలోనికి దూరును. కొయ్య స్తంభములను, థర్మోకోలు పలకలను తొలిచి చొచ్చుకొనిపోవును. చల్లదనము కొరకు లోపల పలకలు బిగించిన కొత్త తరహా షెడ్లు కట్టుకొన్నవారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. పెరిగిన పురుగు మూడు నెలల నుండి ఏడాది వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు బ్రతుకును.

దీనికి మిక్కిలి అనుకూలమైన వేడి ముప్పది మొదలు ముప్పదిమూడు డిగ్రీల సెంటిగ్రేడు. అట్టి వేడిలో గ్రుడ్డు పెరిగిన పురుగగుటకు ఆరేడు వారములు పట్టును. ఇప్పుడు ఆలోచింపుడు. దినము వయస్సు గల కోడిపిల్లకు మొదటి వారము మన మిచ్చు బ్రూడింగు వేడి ఎంత? ఆ ముప్పదిరెండు, ముప్పదిమూడు డిగ్రీలే. మన బ్యాచి ఎన్ని దినములు? అయిదారు వారములు. పిల్లల కొరకు మనము వెచ్చజేసిన షెడ్డులో, పిల్లల కొరకు పోసిన మేతతో, మన బ్యాచితోపాటు పురుగు బ్యాచియు పెరుగుచున్నది. మన బ్యాచి లారీ ఎక్కి పోవును. పురుగు బ్యాచి మాత్రము షెడ్డులోనే నిలిచి, రాబోవు పిల్లల కొరకు వేచియుండును.

కలుగు నష్టము

మొదటిది మేత. కోడిపిల్ల మొదటి వారమంతయు కలిపి తిను మేత రమారమి నూటయేబది గ్రాములు. ఆ చిన్న కడుపున మేతకు బదులు పురుగులు చేరినచో, పెంకు అరుగదు, పేగులకు హాని కలుగును, బరువు తగ్గును. పెంపకపు కూలిని తిన్న మేతకును వచ్చిన బరువునకును లెక్కగట్టి ఇచ్చు ఒప్పందములలో ఆ తగ్గుదల ఎవరి సంచి నుండి పోవునో మీకు తెలియనిది కాదు.

రెండవది రోగము. ఈ పురుగు తానుగా విషము కాదు. 2023 జనవరిలో ఐరోపా సమాఖ్యవారు దీని పిల్లపురుగులను మనుష్యుల ఆహారముగా విక్రయించుటకు సైతము అనుమతించిరి. అవి శుభ్రమైన చోట, శుభ్రమైన మేతపై పెంచినవి. మన షెడ్డులోని పురుగు తినునది మలము, చచ్చిన కోడి, కుళ్లిన మేత. వానిలో నున్న సూక్ష్మజీవులను తన యొడలిపైనను కడుపులోనను మోయును. సాల్మొనెల్లా, ఇ. కోలై వంటివి దీనియందు కనబడినవి. కోడి పేగులలో పెరుగు బద్దెపురుగులలో కొన్నింటికి ఇది మధ్యవర్తి. గంబోరో వ్యాధి సంగతి వినుడు. 1962లో అమెరికాలోని గంబోరో అను ఊరి పేరిట ప్రసిద్ధికెక్కిన ఈ వ్యాధిని గూర్చి పరిశోధకులు 1967లో ఒక సంగతి ప్రకటించిరి. రోగము వచ్చిన కోళ్లను తీసివేసిన ఎనిమిది వారముల తరువాత ఆ షెడ్డులోని ఈ పురుగులను పట్టి, నూరి, ఆరోగ్యముగా నున్న కోళ్లకు ఇచ్చిరి. ఆ కోళ్లకు రోగము సోకినది. ఖాళీ షెడ్డు ఎనిమిది వారములైనను రోగమును విడువలేదన్నమాట. మనలో ఎంతమంది షెడ్డును ఎనిమిది వారములు ఖాళీగా ఉంచగలరు? టీకాలు వేసినను మరల మరల రోగము వచ్చుచున్నదని చెప్పు ఇండ్లవారు షెడ్డులోని పురుగును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

మూడవది మన వారి ఆరోగ్యము. ఈ పురుగు భయపడినప్పుడు ఘాటైన ద్రవమును విడుచును. దానివలనను, దాని కుబుసపు దుమ్మువలనను కొందరికి దద్దురులు, కండ్ల మంట, ముక్కు కారుట, ఆయాసము కలుగును. షెడ్డు ఊడ్చువారు ఎక్కువగా మన ఆడవారును, కూలివారును. వారికి ముఖమునకు గుడ్డయైనను, చేతులకు తొడుగులైనను ఇచ్చుట యజమాని ధర్మము.

చిక్కు సమయము

ఇంక నివారణ మాట. పురుగు లిట్టరులో నుండునది కోళ్లున్నంతవరకే. కోళ్లను ఎత్తిన తరువాత షెడ్డు చల్లబడును, పైనుండి మేత రాలదు. అప్పుడు పురుగులు గోడలకు, స్తంభములకు, నెఱ్ఱెలకు ఎగబ్రాకును. నాలుగు దినములు తాళము వేసి తరువాత తీరికగా లిట్టరు ఎత్తినచో, మనము ఎత్తునది ఊక మాత్రమే. పురుగు లోపలనే నిలుచును. కావున కోళ్లు పోయిన దినముననే, తప్పినచో మరునాడు, లిట్టరు వెచ్చగా నుండగానే పూర్తిగా ఎత్తవలెను. మేత తొట్ల క్రిందను, గోడ మూలలందును, స్తంభముల మొదళ్లందును పురుగు ఎక్కువగా నుండును. అచ్చట మొదట గీకవలెను. మట్టి నేలయైనచో పైపొరను కూడ చెక్కి తీసివేయవలెను. సిమెంటు నేలలోని నెఱ్ఱెలను అప్పుడే పూడ్చవలెను. పూడ్చని నెఱ్ఱె పురుగునకు ఇచ్చిన అద్దె ఇల్లే.

ఎత్తిన లిట్టరును ఏమి చేయవలెననునది అన్నింటికంటె ముఖ్యము. షెడ్డు ప్రక్కన పోసినచో రాత్రికే పురుగు తిరిగి వచ్చును. పచ్చిగా ఒకరి తోటలో పరచినచో వారి ఇంటికి పోవును. షెడ్డునకును ఇండ్లకును దూరముగా, నాలుగైదు అడుగుల ఎత్తున కుప్పవేసి, తగు మాత్రము నీరు చల్లి, టార్పాలినుతో గాని ప్లాస్టికు పట్టాతో గాని కప్పి, అంచులకు మట్టి వేయవలెను. లోపల వేడి పుట్టును. నలుబదియైదు డిగ్రీలు మించి నిలిచిన వేడికి పురుగు బ్రతుకదు. చక్కగా మగ్గు కుప్పలో వేడి ఏబదియైదు దాటును. అయితే కుప్ప అంచులు చల్లగా నుండును గనుక పురుగు అచ్చటికి చేరును. అందువలన వారము పది దినములకు ఒకసారి తిరుగవేసి, వెలుపలిది లోపలికి పోవునట్లు చేసి, మరల కప్పవలెను. మూడు నాలుగు వారములు మగ్గిన పిమ్మట ఇది మంచి ఎరువు. పచ్చిగా పరువక తప్పనిచో ఆ దినముననే దున్ని మట్టిలో కలుపవలెను.

ఊక అమ్మువాడు గనుక బ్యాచి బ్యాచికి లిట్టరు మార్చుమని చెప్పుచున్నాడని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, తప్పు లేదు. పాత లిట్టరునే మరల వాడదలచినవారు దానిని షెడ్డు నడుమనే పొడవుగా కుప్పవేసి, వేడి పుట్టించి, తిరుగవేసి, ఆ తరువాతనే పరువవలెను. రోగము వచ్చిన బ్యాచి లిట్టరును మాత్రము ఎట్టి పరిస్థితిలోను మరల వాడరాదు.

పురుగు ఎంత యున్నదో కనుగొనుటకు తేలిక ఉపాయమున్నది. జేనెడు పి.వి.సి. గొట్టములో అట్టపెట్టె ముడతల అట్టను చుట్టి దూర్చి, గోడ వెంబడి లిట్టరులో కదలకుండ కట్టి ఉంచుడు. వారము తరువాత అట్టను విప్పి పురుగులను లెక్కించి పుస్తకములో వ్రాయుడు. షెడ్డునకు నాలుగైదు చోట్ల ఉంచిన చాలును. బ్యాచి బ్యాచికి లెక్క పెరుగుచున్నదో తగ్గుచున్నదో ఆ పుస్తకమే చెప్పును. వర్తకుడు చిట్టా లేనిది వ్యాపారము చేయడు గదా.

పురుగుమందుల మాట

మందు వాడరాదని నే ననను. మందు శుభ్రతకు తోడు, బదులు కాదు. ఖాళీ షెడ్డులో, కడిగి ఆరిన తరువాత, గోడల క్రింది భాగమునకును, స్తంభములకును, నేల అంచులకును పశువైద్యులు చెప్పిన మందును చెప్పిన పాళ్లలో పట్టించి, ఆరిన తరువాత క్రొత్త ఊక పరువవలెను. సున్నము కొట్టిన దినముననే దానిపై మందు చల్లుట వ్యర్థము. సున్నపు క్షారము మందు శక్తిని చెఱచును. కోళ్లుండగా మేతపైనను నీటిపైనను మందు పడనీయరాదు. మందు తిని చచ్చిన పురుగును కోడి తినును. కోడిని మనుష్యుడు తినును.

ఒకే మందును ఏండ్ల తరబడి వాడినచో పురుగు దానికి అలవాటుపడును. ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతపు కోళ్ల షెడ్లలో మొదట ఫెనిట్రోథియానునకును, తరువాత సైఫ్లూత్రినునకును లొంగని పురుగులు బయలుదేరినట్లు పరిశోధకులు వ్రాసియున్నారు. కాబట్టి వైద్యుని అడిగి మందు జాతిని మార్చుచుండవలెను. డబ్బాపై పేరు మార్చుట కాదు, జాతిని మార్చవలెను. రెండు వేరు పేర్లలో ఒకే మందు ఉండవచ్చును. బవేరియా అను శిలీంధ్రపు పొడియు ఈ పురుగును చంపగలదు గాని నిదానముగా పనిచేయును, మిక్కిలి వేడిలో దాని బలము తగ్గును.

పాత అలవాట్లు కొన్ని మానవలెను. ఒకప్పుడు షెడ్లలో విరివిగా చల్లిన కార్బరిల్ పొడిని మన దేశమున 2018లో నిషేధించిరి. డైక్లోర్వాస్ వాడకము 2020 డిసెంబరు 31తో ముగిసినది. అటక మీద పాత డబ్బాలున్నవారు వానిని వాడరాదు, కాలువలో పారబోయరాదు. వ్యవసాయాధికారిని అడిగి వదలించుకొనవలెను.

ఇచ్చట మన భాషా స్థితిని గూర్చి ఒక మాట. మన ముసలివారిలో తెలుగు మాత్రమే చదువగలవారున్నారు. మన పిల్లలలో తమిళము, ఇంగ్లీషు మాత్రమే చదువగలవారున్నారు. డబ్బా మీద తెలుగు ఉండకపోవచ్చును. కాబట్టి పిల్లలు చదివి పెద్దలకు తెలుగున చెప్పవలెను. చదువురానివారికి సైతము తెలియు గుర్తు ఒకటి కలదు. ప్రతి డబ్బాపైనను రంగు గుర్తుండును. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఈ నాలుగు రంగుల అర్థమును ప్రతి ఇంటి ఆడవారికిని, పనివారికిని నేర్పుడు. ఆకుపచ్చయైనను విషమేనని కూడ చెప్పుడు.

గ్రుడ్ల కోళ్ల షెడ్లు

నామక్కల్లు నుండి వచ్చిన బంధువులకు వేరుగా చెప్పవలసియున్నది. పంజరముల క్రింద పేడ కుప్పలుగా పడు షెడ్లలో ముఖ్య శత్రువు ఈగ. నల్లపురుగు పేడను తొలిచి గుల్లచేసి ఆరనిచ్చును. ఈగ పురుగులను కొంతవరకు అణచును. నే నిందాక చెప్పిన కార్సినాప్స్ పురుగు ఈగ గ్రుడ్లను వెదకి వెదకి తినును. ఈగలు పెరిగినవని పేడపై మందు కుమ్మరించినచో ఈ మిత్రులు చచ్చును. ఈగలు కొలది దినములలో రెండింతలై వచ్చును. పేడపై మందు చల్లకుడు. నీటి గొట్టముల కారుటను ఆపి పేడను పొడిగా ఉంచుడు. తీయునప్పుడు అంతయు ఒకేసారి ఊడ్వక, కొంత పొడి పేడను అడుగున వదలి, వరుస విడిచి వరుస తీసినచో మేలు చేయు పురుగులు నిలుచును. అయితే నల్లపురుగులు స్తంభములను, పలకలను తొలుచునంతగా గాని, పొరుగిండ్లకు పోవునంతగా గాని పెరిగినప్పుడు అచ్చటను ఉపేక్షింపరాదు.

సంఘమునకు నా మనవి

ఒక్కరు శుభ్రము చేసి ప్రక్కవారు చేయనిచో, ఎగురు పురుగునకు సరిహద్దు రాయి అడ్డము కాదు. అందువలన మూడు తీర్మానములను సభ ముందుంచుచున్నాను.

మొదటిది: మన సభ్యులలో ఎవ్వరును మగ్గని లిట్టరును అమ్మరాదు, ఇతరుల తోటలో దింపరాదు. ఎరువు పోవు లారీని పట్టా కప్పి పంపవలెను. 

రెండవది: ఊక సంచులను, దాణా సంచులను ఒక షెడ్డు నుండి మరియొక షెడ్డునకు త్రిప్పరాదు. పురుగునకు అంతకంటె మంచి బండి లేదు. వచ్చు నెల మొదటి తేదీ నుండి నా అంగడిలో షెడ్డు నుండి తిరిగి వచ్చిన సంచులను పుచ్చుకొనను. బేరము పోయినను సరే. తక్కిన వర్తక సోదరులును ఇట్లే చేయుదురని నమ్ముచున్నాను.

మూడవది: ఇందాక చెప్పిన రంగుల అర్థమును, లిట్టరు మగ్గబెట్టు విధానమును తెలుగునను తమిళమునను ఒకే కాగితముపై అచ్చువేయించి, మన షెడ్లకే గాక పొరుగువారి షెడ్లకును పంచవలెను. మన దగ్గరకు మర్యాదగా వచ్చినవారి యొద్దకు మనమును మర్యాదగా వెళ్లి, ఇట్లు చేయ నిశ్చయించితిమని చెప్పవలెను. ఆ పనికి కార్యవర్గమునుండి ఇద్దరు పెద్దలును, షెడ్డు పని తెలిసిన ఒక సోదరియు బయలుదేరుట మంచిది.

ఈ పురుగును లోకమునుండి తొలగించుట మనవలన కాదు. లెక్కకు లోబడి యుండునట్లు చేయుట మనవలన అగును. దానికి కావలసినది కోళ్లెత్తిన దినమున ఒక పూట శ్రమ, ఒక పట్టా, ఒక నోటుపుస్తకము.  సందేహములున్నవారు అడిగినచో తెలిసినంతవరకు చెప్పుదును. తెలియనిది పశువైద్యులను అడిగి వచ్చు సభలో చెప్పుదును. సెలవు.